ఆపేసిన క్యాప్సూల్: మెనోపాజ్ తర్వాత హార్మోన్ చికిత్స మీద ఒక కేస్ స్టడీ

టీచర్ గారు నా దగ్గరికి మొదటిసారి వచ్చింది 2023 మే నెలలో, బడికి వేసవి సెలవులు ఇచ్చాక. వయసు 49. ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రంలో ప్రాథమిక పాఠశాలలో పని చేస్తారు. ముట్లు ఆగి ఏడాదిన్నర అయింది. ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి ఈ కేసు రాస్తున్నాను. ఈ కేసులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. అది కూడా దాచకుండా రాస్తాను. ఎందుకంటే, ఈ చికిత్స తీసుకునే ప్రతి ఆడమనిషికీ తెలియాల్సిన సంగతి ఆ పొరపాటులోనే ఉంది.

ఆమె చేతిలో రెండు ఫైళ్ళు ఉన్నాయి. ఒకటి గుండె డాక్టర్ దగ్గరది. రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతూ, ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి లేచి కూర్చునేవారట. గుండెపోటేమో అని ఇంట్లో అందరూ భయపడి తీసుకెళ్ళారు. ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేశారు, ఏమీ లేదన్నారు. రెండో ఫైల్‌లో నిద్రమాత్రల చీటీలు. టెన్షన్ ఎక్కువైంది, రాత్రి ఒక మాత్ర వేసుకోండి అని ఒకరు రాస్తే, తర్వాతి డాక్టర్ అదే కొనసాగించారు. అలా ఎనిమిది నెలలు.

"క్లాసులో బోర్డు మీద రాస్తుంటే ఉన్నట్టుండి ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా మొహానికి సెగ కొడుతుంది మేడమ్. పిల్లలు 'టీచర్, మీ మొహం ఎర్రగా అయింది' అంటారు. రెండు నిమిషాల్లో చెమట, ఆ తర్వాత చలి. రోజుకు పది పదిహేను సార్లు వస్తుంది. నాలుగో ఎక్కం మధ్యలో మర్చిపోయాను మొన్న. ఇరవై ఆరేళ్ళ నుంచి చెప్తున్న ఎక్కం." ఇది చెప్పేటప్పుడు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిర్ల గురించి చెప్పినప్పుడు మామూలుగానే ఉన్నారు. ఎక్కం దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేకపోయారు.

భర్త బయటికి వెళ్ళాక మిగతావి చెప్పారు. కింద పొడిబారి మంట. భర్త దగ్గరికి రావడం అంటేనే భయం. ఏడాదిలో నాలుగు సార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్, నాలుగు సార్లూ యాంటీబయాటిక్స్. ఈ సంగతి అడగకపోతే మన ఆడవాళ్ళు చెప్పరు. నేను 45 దాటిన ప్రతి ఒక్కరినీ అడుగుతాను. అడిగిన తర్వాత కూడా సగం మంది తల వంచుకుని "అది మామూలే కదా మేడమ్" అంటారు.

అప్పటికే ఎవరో ముట్లు ఆగాయో లేదో చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష చేయించారు, 68 వచ్చింది. అంటే ఆగినట్టే. నిజానికి 45 దాటి, ఏడాదిపాటు ముట్లు రాని మనిషికి ఆ పరీక్ష అక్కర్లేదు. ఆమె చెప్పిన మాటలు చాలు. మన దేశంలో సహజంగా ముట్లు ఆగే సగటు వయసు 46, 47 దగ్గర ఉంటుంది. పడమటి దేశాల్లో 51. కాబట్టి "ఇంత తొందరగానా" అని ఆమె పెట్టుకున్న బెంగ కూడా అవసరం లేనిదే.

ముట్లు ఆగాక ఒంట్లో తగ్గిపోయే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను మందుగా ఇద్దామని నేను అనగానే ఆమె కుర్చీలో వెనక్కి జరిగారు. "క్యాన్సర్ వస్తుందట కదా మేడమ్. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్."

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి, అంకెలు ముందు పెట్టి, ఆ తర్వాతే నిర్ణయం అడుగుతాను. ఆ రోజు ఆమెకు చెప్పింది దాదాపు ఇలాగే రాస్తున్నాను.

2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. గర్భసంచి ఉన్న 16,608 మంది ఆడవాళ్ళు అందులో ఉన్నారు. సగం మందికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్ లాంటి మందు) కలిసిన మాత్ర, మిగతా సగానికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. అయిదేళ్ళు దాటేసరికి మందు వేసుకున్నవారిలో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు పెరిగాయి. పేపర్లలో పతాక శీర్షికలు వచ్చాయి. ప్రపంచమంతా ఆడవాళ్ళు ఆ మందులు డస్ట్‌బిన్‌లో పడేశారు. డాక్టర్లు రాయడం మానేశారు. అప్పుడు పీజీ చదువుతున్న తరం ఈ చికిత్స నేర్చుకోకుండానే బయటికి వచ్చింది.

ఎంత పెరిగాయి అన్నది ఆ శీర్షికల్లో కనపడలేదు. పదివేల మంది ఏడాదిపాటు ఆ మాత్ర వాడితే, వాడనివారి కంటే రొమ్ము క్యాన్సర్లు 8 ఎక్కువ. గుండె జబ్బులు 7, పక్షవాతాలు 8, ఊపిరితిత్తుల గడ్డలు 8 ఎక్కువ. అదే పదివేల మందిలో పెద్దపేగు క్యాన్సర్లు 6 తక్కువ, తుంటి ఎముక విరగడాలు 5 తక్కువ. ఇక ఆ అధ్యయనంలో చేరినవారి సగటు వయసు 63. మూడింట రెండు వంతుల మంది 60 దాటినవారే. ముట్లు ఆగి పదీ పదిహేనేళ్ళయి, రక్తనాళాలు అప్పటికే గట్టిపడ్డ వయసులో మందు మొదలుపెట్టారు. ఆవిర్లతో నిద్రలేక నా ఎదురుగా కూర్చున్న 49 ఏళ్ళ మనిషికి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టడం తప్పు. తర్వాత అదే అధ్యయనాన్ని వయసుల వారీగా విడదీసి చూస్తే, 60 లోపు లేదా ముట్లు ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టినవారిలో లెక్క చాలా మారింది. గుండెకు చేటు కనపడలేదు.

రొమ్ము సంగతి మాత్రం అలా తేలిపోయేది కాదు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం, పడమటి దేశాల్లో 50 ఏళ్ళప్పుడు మొదలుపెట్టి అయిదేళ్ళు రెండు హార్మోన్లూ రోజూ వాడితే, ఆ తర్వాతి సంవత్సరాలతో కలిపి 20 ఏళ్ళలో వెయ్యి మందికి 83 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అసలు వాడకపోతే 63 మందికి. అంటే అదనంగా 20 మంది, యాభై మందికి ఒకరు. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవారిలో ఆ అదనం వెయ్యికి 5. మన దగ్గర మూల సంఖ్యే అంతకంటే తక్కువ కాబట్టి అదనం కూడా తగ్గుతుంది. కానీ సున్నా కాదు. వాడే ఏళ్ళు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది కూడా.

పిన్నికి జబ్బు వచ్చింది 66వ ఏట. తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకు గానీ చిన్న వయసులో వచ్చి ఉంటే నా ఆలోచన వేరుగా ఉండేది. ముసలితనంలో పిన్నికి వచ్చినది ఈమె ముప్పును కొద్దిగానే పెంచుతుంది. ఇంకో విషయం ఆమే చెప్పారు: తల్లి 68వ ఏట బాత్రూమ్‌లో జారి తుంటి విరిగి, రెండేళ్ళు మంచంలో ఉండి పోయారు. ఇంట్లో అందరికీ పిన్ని క్యాన్సర్ గుర్తుంది. ఆ పిన్ని ఆపరేషన్ చేయించుకుని ఇప్పటికీ తిరుగుతున్నారు. తల్లి తుంటిని ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టలేదు.

ఆలోచించుకుని రమ్మని పంపాను. ఈలోపు పరీక్షలు. మామోగ్రామ్ శుభ్రంగా ఉంది. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 3.5 మిల్లీమీటర్లు. పాప్ స్మియర్ మామూలు. బీపీ 136/86. బరువు ఎత్తుకు మించి ఉంది, బీఎంఐ 28. ట్రైగ్లిజరైడ్స్ 240. మూడు నెలల సగటు షుగర్ 6.0, అంటే షుగర్ జబ్బు గడప దగ్గర. లివర్ పరీక్షలు బాగున్నాయి. థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర ఏళ్ళుగా వేసుకుంటున్నారు, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 3.1, అదుపులోనే ఉంది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నుపూస టీ-స్కోర్ మైనస్ 1.9. ఎముకలు పలచబడుతున్నాయి, ఇంకా గుల్లబారలేదు. కాళ్ళలో గడ్డలు, పక్షవాతం, అంతుపట్టని రక్తస్రావం లాంటివి ఎప్పుడూ లేవు.

పది రోజుల తర్వాత భర్తతో వచ్చి, "మొదలుపెడదాం మేడమ్, భయం పూర్తిగా పోలేదు గానీ ఇలా బతకలేను" అన్నారు.

మందు ఏ రూపంలో ఇవ్వాలన్నది ఇంకో ప్రశ్న. బయట చాలామంది హార్మోన్ చికిత్స అంటే ఒకే మాత్ర అనుకుంటారు. మింగిన ఈస్ట్రోజన్ పేగుల నుంచి ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాల తయారీని పెంచుతుంది, ట్రైగ్లిజరైడ్స్‌నూ పెంచుతుంది. చర్మం మీద రాసే జెల్ లేదా అంటించే ప్యాచ్ నేరుగా రక్తంలో కలుస్తుంది, కాలేయం మీద ఆ భారం పడదు. ఫ్రాన్స్‌లో జరిగిన ఎస్తేర్ అధ్యయనం 2007లో చెప్పింది ఇదే: మాత్ర మింగినవారిలో సిరల్లో గడ్డలు దాదాపు నాలుగు రెట్లు కనపడ్డాయి, చర్మం ద్వారా తీసుకున్నవారిలో పెరగలేదు. టీచర్ గారికి బరువు ఎక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ. పైగా థైరాయిడ్ మాత్ర. మింగే ఈస్ట్రోజన్ రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను పెంచుతుంది, దాంతో థైరాయిడ్ మాత్ర చాలకుండా పోయి డోసు పెంచాల్సి రావచ్చు. జెల్‌తో ఆ తంటా లేదు. ఈ మూడు కారణాలతో జెల్ నిర్ణయించాను.

రోజూ పొద్దున స్నానం చేసి ఒళ్ళు ఆరాక, ఒక పంపు జెల్ మోచేతి పైన చేతికి పలచగా రాసుకోవాలి. ఒక పంపులో 0.75 మిల్లీగ్రాముల ఈస్ట్రడయోల్, అంటే ఈస్ట్రోజన్, ఉంటుంది. అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. గంటసేపు కడగకూడదు. ఆ చోటు చిన్నపిల్లలకు తగలకూడదు. ఇది ఆమెకు రెండుసార్లు చెప్పాను, మరిది పిల్లలు ఎప్పుడూ ఆమె ఒళ్ళోనే ఉంటారు. రాత్రి పడుకునే ముందు మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి. యోనిలో రాసుకోవడానికి ఈస్ట్రియోల్ అనే ఈస్ట్రోజన్ క్రీమ్, రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ఈ క్రీమ్ ఒంట్లోకి చేరేది అతి తక్కువ. మిగతా హార్మోన్లు వద్దనుకున్నవారు కూడా దీన్ని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. మూత్రంలో పదే పదే ఇన్ఫెక్షన్ వచ్చే పెద్దవాళ్ళకు యాంటీబయాటిక్స్ రాసే ముందు దీన్ని ఆలోచించాలని నా గట్టి నమ్మకం.

జెల్ మా ఊళ్ళో అన్ని షాపుల్లో దొరకదు. హైదరాబాద్‌లో ఉండే కొడుకు తెచ్చిపెట్టేవాడు.

ఆగస్టులో వచ్చారు. ఆవిర్లు పదిహేను నుంచి ఆరుకు దిగాయి. మొదటి నెల రొమ్ముల్లో సలుపు, కడుపు ఉబ్బరం, రెండుసార్లు కొద్దిగా ఎరుపు కనపడటం జరిగాయి. ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారు పడలేదు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఇలా చుక్కలు కనపడటం మామూలే, ఆరు నెలల తర్వాత కనపడితే మాత్రం వెతకాలి. జెల్ రెండు పంపులకు పెంచాను. నిద్రమాత్రను నెమ్మదిగా తగ్గిస్తూ ఆపించాను. దసరా సెలవుల్లో వచ్చినప్పుడు మనిషే మారిపోయింది. రోజుకు ఒకటి రెండు ఆవిర్లు, అవీ తేలికగా. రాత్రి ఆరు గంటల నిద్ర. మూత్రంలో మంట మళ్ళీ రాలేదు. దడ లేదు. "మొన్న పదమూడో ఎక్కం కూడా చూడకుండా చెప్పాను మేడమ్" అన్నారు. ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది. మోకాళ్ళ నొప్పి మాత్రం అలాగే ఉంది. దానికి హార్మోన్ మందు కాదని ముందే చెప్పాను. బరువూ తగ్గలేదు. అది కూడా ఈ మందు పని కాదు.

2024 ఫిబ్రవరిలో ఫోన్ వచ్చింది. "మేడమ్, మళ్ళీ బహిష్టు అయినట్టుంది. నాలుగు రోజుల నుంచి."

ఎనిమిది నెలలు దాటాయి. అదే రోజు రమ్మన్నాను. స్కాన్‌లో లోపలి పొర 11 మిల్లీమీటర్లు. ముట్లు ఆగి రక్తం కనపడిన మనిషికి 4 దాటితేనే మేము ముక్క తీసి పరీక్షకు పంపుతాం. మందులు సరిగ్గా వాడుతున్నారా అని అడిగాను. జెల్ ఒక్క రోజు కూడా తప్పలేదన్నారు. క్యాప్సూల్?

ఆమె భర్త వైపు చూశారు. దసరా తర్వాత ఆపేశారట. పొద్దున లేవగానే మత్తుగా ఉంటోందని ఒక కారణం. అసలు కారణం వేరే. మెడికల్ షాపులో క్యాప్సూల్స్ తీసుకుంటుంటే అక్కడున్న దూరపు చుట్టం ఒకావిడ చూసి, "ఇవి గర్భం నిలవడానికి మా కోడలికి ఇచ్చారే, ఈ వయసులో నీకెందుకు?" అన్నారట. షాపతను కూడా అవునన్నాడు. అబద్ధం కాదు, గర్భిణులకు రాసేదీ ఇదే మందు. టీచర్ గారికి సిగ్గు వేసింది. జెల్‌తోనే అన్నీ తగ్గాయి కదా, ఇది లేకపోతే ఏం అని మానేశారు.

తప్పు ఆమెది కాదు. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర ఆగకుండా పెరుగుతుంది. ముట్లు వచ్చే రోజుల్లో ప్రతి నెలా ఆ పొరను అదుపు చేసేది ప్రొజెస్టిరాన్. అది లేకుండా వదిలేస్తే పొర మందమై, కొందరిలో క్యాన్సర్ వరకూ వెళ్తుంది. 1970ల్లో అమెరికాలో ఈస్ట్రోజన్ ఒంటరిగా ఇచ్చి గర్భసంచి క్యాన్సర్లు పెరిగాకే ఈ రెండో మందు చేర్చడం రివాజైంది. నాకు ఇది అక్షరమాల లాంటిది. ఆమెకు మాత్రం నేను చెప్పింది "రాత్రి ఇది వేసుకోండి, నిద్ర కూడా బాగా పడుతుంది" అని. పిన్ని క్యాన్సర్ గురించి, 2002 గురించి అరగంట మాట్లాడినదాన్ని, ఈ క్యాప్సూల్ ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పలేదు. నిద్రమాత్రలా వినపడేట్టు చెప్పాను. నిద్ర పట్టాక నిద్రమాత్ర ఎవరు వేసుకుంటారు?

ముక్క తీశాం. రిపోర్టు వచ్చేవరకు ఎనిమిది రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదని తర్వాత తెలిసింది. రిపోర్టు: పొర అతిగా పెరిగింది, కణాల్లో వికారం లేదు. అంటే క్యాన్సర్ కాదు. ఇలాంటిది ఇరవై ఏళ్ళలో క్యాన్సర్‌గా మారే అవకాశం నూటికి అయిదు కంటే తక్కువ, చికిత్సతో ఎక్కువ మందిలో మళ్ళీ మామూలైపోతుంది.

"గర్భసంచి తీయించేద్దాం మేడమ్, పీడా పోతుంది" అన్నారు భర్త. మా దగ్గర ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందో! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలు మన రెండు రాష్ట్రాలవే. టీచర్ గారికి ఆ ఆపరేషన్ అక్కర్లేదు. ప్రొజెస్టిరాన్ లాంటి లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ ఉన్న లూప్ గర్భసంచిలో వేశాను. అది రోజూ కొద్దికొద్దిగా మందు వదులుతూ పొరను అక్కడికక్కడే పలచబరుస్తుంది. రోజూ గుర్తుపెట్టుకుని మింగే పని లేదు, షాపులో ఎవరికీ సమాధానం చెప్పే పనీ లేదు.

జెల్ ఆపాను. లూప్ ఉంది కాబట్టి కొనసాగించే డాక్టర్లూ ఉన్నారు, వారిని తప్పుపట్టను. పొర మామూలైందని నా కళ్ళతో రిపోర్టు చూశాకే మళ్ళీ ఇవ్వాలని నా పట్టుదల. దానివల్ల ఆమెకు 2024 ఎండాకాలం నరకమైంది. జెల్ ఆపిన మూడు వారాలకే ఆవిర్లు తిరిగొచ్చాయి. ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు ఇచ్చాను. డిప్రెషన్‌కు వాడే మందే, హార్మోన్ వద్దన్నవారికి ఆవిర్లు తగ్గించడానికి కూడా పనికొస్తుంది. సగం వరకు తగ్గాయి. ఆ నెలల్లో ఆమె ఒక్కసారి కూడా నన్ను నిందించలేదు. నిందించి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆగస్టులో మళ్ళీ ముక్క పరీక్ష, మామూలు. జెల్ ఒక పంపుతో తిరిగి మొదలుపెట్టి, నెల తర్వాత రెండుకు పెంచాం. ఎస్సిటలోప్రామ్ నెమ్మదిగా మాన్పించాను. 2025 ఫిబ్రవరిలో మరోసారి ముక్క పరీక్ష, అదీ మామూలు.

ఆ ఏప్రిల్‌లో టీచర్ గారు తన ఆడబిడ్డను తీసుకొచ్చారు. 64 ఏళ్ళు. మరదలు తేరుకోవడం చూసి, "నాకూ ఆ జెల్లే రాయి డాక్టరమ్మా, ఎముకలన్నీ లాగుతున్నయి" అన్నారు. 34వ ఏట తెల్లబట్ట ఎక్కువగా ఉందని చెప్పి గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారట. ఎక్కడ, ఎవరు అన్నది నేను అడగలేదు. ఆ తర్వాత ఒక్క హార్మోన్ మాత్ర కూడా ఇవ్వలేదు. ఇప్పుడు షుగర్, మూడేళ్ళ కిందట గుండెకు స్టెంట్, వెన్నుపూస టీ-స్కోర్ మైనస్ 3.2.

ఆమెకు జెల్ రాయలేదు. ముట్లు లేకుండా ముప్పై ఏళ్ళు గడిచి, గుండె జబ్బు ఉన్న మనిషికి ఇప్పుడు ఈస్ట్రోజన్ మొదలుపెడితే మంచి కంటే చెడే ఎక్కువ. 65 దాటాక మొదలుపెట్టినవారిలో మతిమరుపు జబ్బు రెట్టింపైందని కూడా విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్‌లోని మరో భాగం 2003లో చూపింది. ఎముకలకు వేరే మందులున్నాయి. కిడ్నీ పరీక్ష, పళ్ళ డాక్టర్ చూపు అయ్యాక ఏడాదికోసారి ఎక్కించే జోలెండ్రోనిక్ యాసిడ్ ఇచ్చాం, కాల్షియం, విటమిన్ డి సరిచేశాం.

అసలు ఈ చికిత్స ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో, వారు ఈ ఆడబిడ్డ లాంటివారే. అయితే 64లో కాదు, 34లో. చిన్న వయసులో అండాశయాలు పోయిన మనిషికి సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేవరకు ఈస్ట్రోజన్ ఇవ్వడం అదనపు సుఖం కోసం కాదు, ఒంట్లో ఉండాల్సినదాన్ని తిరిగి ఇవ్వడం. ఇవ్వకపోతే గుండె, ఎముకలు ముందే ముసలివైపోతాయి. గర్భసంచి లేదు కాబట్టి ప్రొజెస్టిరాన్ కూడా అక్కర్లేదు. విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్‌లోనే గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజన్ ఒక్కటే పరీక్షించిన భాగం ఉంది. పక్షవాతం పెరిగిందని దాన్ని 2004లో ఆపారు. ఏళ్ళ తరబడి గమనిస్తే వారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు సరికదా, తగ్గింది. ఈ సంగతి మన ఊళ్ళలో గర్భసంచి తీయించుకున్న వేల మందిలో ఎంతమందికి చెప్పాం? ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పి, పథ్యం చెప్పి పంపేస్తున్నాం. అండాశయాలు ఉంచారో తీశారో కూడా చాలామందికి తెలియదు. డిశ్చార్జ్ కాగితం చూసి నేనే చెప్పాల్సి వస్తోంది. ఇలాంటి కేసులు చూసే డాక్టర్లు ఎవరైనా ఉంటే, దయచేసి అండాశయాలు ఉన్నాయా అన్న ఆ ఒక్క ప్రశ్న అడగండి.

2025 ఎండాకాలంలో టీచర్ గారి డెక్సా మళ్ళీ తీయించాం. వెన్నుపూస మైనస్ 1.9 నుంచి మైనస్ 1.6కు వచ్చింది. మామోగ్రామ్ శుభ్రం. బీపీ నిలకడగా ఉంది. టీఎస్‌హెచ్ మారలేదు, థైరాయిడ్ మాత్ర అదే 75.

నవంబరులో అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ ఈ మందుల మీద 2003 నుంచి ఉన్న పెద్ద హెచ్చరికలో గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపుల మాటలు తీసేయిస్తామని ప్రకటించింది. ఆ వార్త ఆమె ఫోన్‌లో చూసి నాకు పంపారు. పూర్తిగా చదవమని చెప్పాను. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర క్యాన్సర్ వస్తుందన్న హెచ్చరికను మాత్రం వాళ్ళు తీయలేదు. ఆ వాక్యం దగ్గర ఆమె గీత గీసి, స్క్రీన్‌షాట్ తిరిగి పంపారు. రొమ్ము గురించి నేను చెప్పిన అంకెలు మాత్రం ఈ ప్రకటనతో మారలేదు. ఏటా మామోగ్రామ్ అలాగే ఉంటుంది.

ఇప్పుడు నా దగ్గర పద్ధతి మార్చుకున్నాను. గర్భసంచి ఉన్నవారికి రెండు మందులూ ఒకే చీటీలో ఒకే అంకె కింద రాస్తాను, "ఒకటి ఆపితే రెండూ ఆపి నాకు ఫోన్ చేయండి" అని తెలుగులో కింద రాస్తాను. క్యాప్సూల్ గర్భిణులకు కూడా ఇస్తారని నేనే ముందు చెప్తాను. ఆ మాట షాపులో ఎవరి నోటి నుంచో వినకూడదు. మూడో నెలలో ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంటాను.

ఈ సంక్రాంతి సెలవుల్లో టీచర్ గారు వచ్చారు. "ఇంకెన్నాళ్ళు మేడమ్?" అని అడిగారు. ఫలానా తేదీకి ఆపాలని రూలేమీ లేదు. ఆవిర్లు సగటున ఏడేళ్ళకు పైగా ఉంటాయని అమెరికాలో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళను గమనించిన స్వాన్ అధ్యయనం చెప్పింది, కొందరికి ఇంకా ఎక్కువ. ఏడాదికోసారి కూర్చుని, తగ్గించి చూసి, ఆగగలిగితే ఆపడమే. మే నెలలో సెలవులుంటాయి కదా, ఒక పంపుకు తగ్గించి చూద్దామా అన్నాను.

"మే నెలలో వద్దు మేడమ్, ఖమ్మం ఎండల్లో ఏ సెగ ఎక్కడిదో తెలియదు. వానలు పడ్డాక చూద్దాం" అన్నారు. చీటీ మీద జులై అని రాసిచ్చాను.